పదిహేడు

ఆగస్టు ఉక్కలో, రాత్రికి రాత్రే
కువైట్‌లో మా వీధి పేరు ఊడిపోయింది.
మాంసం కోసే కత్తి మొనతో మామా దలాల్
గేటు మీది పదిహేడును తిప్పి తిప్పి పెరికింది.
ఎదురింటి నర్సు, చివరింటి లెక్కల అయ్యవారు
ఎవరి అంకె వాళ్లు పెరుక్కున్నారు
పన్ను పీక్కున్నట్టు, నోరు మూసుకొని.

ఇప్పుడు ట్యాంకు మలుపులో నిలబడి దిక్కులు చూస్తాది.
సిపాయి చేతిలో కాగితం: మిషారీ ఇల్లేది?
"మా అద్రి" అంటా.
నాకొచ్చిన అరబ్బీలో సగం అదే.

నాకు చదువు రాదు.
వచ్చిన మూడేండ్లూ ఈ సందుల్ని
కారే ఏసీ నీళ్లతో, కుంటిపిల్లితో
గుర్తుపెట్టుకున్నా.
అప్పుడు నవ్వినోళ్లే
చీకటి పడినాక రొట్టెలు చేతికిస్తారు:
ఓబుళమ్మా, దారి నీకే తెలుసు.

అబాయా కింద పద్నాలుగు రొట్టెలు
కడుపును కాలుస్తా ఉంటాయి.
పిండిమర వెనక గోడకు మూడు తట్లు.
లోపల్నించి మిషారీ దగ్గు.

ఇంటికొచ్చి బియ్యం డబ్బాలో చెయ్యి పెడితే
ఇత్తడి చల్లగా తగుల్తాది.
ఒకటి, నిలువు గీత.
ఏడు, రెక్కలెత్తిన పిట్ట.

నేను చదవనేర్చింది ఇదొక్కటే.
ఎవరికీ చదివి వినిపించను.