చీలిన చెవి

షువైఖ్ గ్యారేజీల వెనక సందులో
మూడు దినాలు ఒక ట్యాంకరు తలుపు గీకినా.
నడవని బండి. కంపెనీకి డెబ్బై ఐదేండ్లంట,
ఆఫీసు ముందర బొమ్మ మాదిరి నిలబెడతారంట.
"మొదటి గుర్తు బయటికి తీయి, బెంచల్" అన్నారు.
నా పేరు పెంచలయ్య.
వాళ్ల నోట్లో 'ప' లేదు.

అన్నిటికంటే పైన స్టిక్కరు.
నీలంగా ఒక గీత, కొంచెం వంగి, అంతే.
అది కొత్తగా వచ్చినప్పుడు డ్రైవరు గులాబ్ ఖాన్
ఇదేంది అని అడిగినాడు.
నీళ్లు, అన్నా.
నాకు తోక మాదిరి కనపడతాంది, అన్నాడు.
దాన్ని మిషను కోసింది, నేను అంటించినా.
ఆ నెలలోనే నా కుంచెలు
డబ్బాలో నిలబడినవి నిలబడినట్టే గట్టిపడినాయి.

వేడి తగిలితే స్టిక్కరు పాము కుబుసం లాగా లేచింది.
కింద నీటిబొట్టు, తొంభై ఎనిమిదిది.
బొట్టులో చిన్న తెల్ల మెరుపు ఉంటాది చూడు,
అది వాళ్లు చెప్పలేదు, నేనే పెట్టినా.
ఆ ఏడు చిన్న కొడుకు చదువు ముగించి వచ్చి
గాడిద మర్యాదగా లేదన్నాడు.
మోసేది పోయినాక డబ్బాలు గాల్లో ఎట్ల నిలబడతాయి?
కరిగి బొట్టయినాయి.

ఇంకా గీకితే
గాడిద, డబ్బాలు, పక్కన ఎవరూ లేకుండా.
తొంభై రెండు.
యుద్ధం అయినాక తిరిగొస్తే పెద్ద కొడుకు అన్నాడు:
"ఆ మనిషిని తీసెయ్. నీళ్లు మోసేవాళ్లు ఇప్పుడు యాడుండారు?"
నేనుండేది ఫర్వానియాలో, నాలుగో అంతస్తు, లిఫ్టు లేదు.
సరే బాబా అని ఇసకరంగు కలిపినా.
రెండు పూతలకు పోయినాడు.

దాని కింద నల్లగా ఒక పొర.
అది గుర్తు కాదు. ఎవరూ వేయలేదు.
అమ్మాను గుడారాల్లో రొట్టెకు వరసలో నిలబడి
మేము ఇండ్లు చేరినాక
మండిన బావుల మసి
దానంతట అది పూసుకున్న రంగు.
వాసన వస్తాదేమో అని ముక్కుకు గుడ్డ కట్టుకున్నా.
రాలేదు. పొడి, అంతే.

అడుగున ఎనభై మూడు.
మనిషి, వాని చేతిలో తాడు, తాడు కొసన గాడిద,
రెండు తగరపు డబ్బాలు, ఖర్జూరపు చెట్టు, దూరంగా తెరచాప.
సముద్రానికి ఒక నీలం, ఆకాశానికి ఇంకో నీలం.
ఆ కాలంలో రెండూ కొనేవాళ్లు.

పని నేర్పింది బలూచీ ముసలాయన, దాద్ కరీం.
రేకు అచ్చు తుప్పుపట్టి చెవుల కాడ రాలిపోయింటే
"చెవులు నీకు తెలిసినట్టు వేసుకో" అన్నాడు.
నాకు తెలిసిన గాడిద ఒకటే,
పుల్లంపేటలో బట్టలుతికే ఓబులమ్మది.
కుక్క కరిచి ఎడమ చెవి రెండుగా చీలింటాది.
అట్నే వేసినా,
నలభై బండ్లు, ఎనభై తలుపులు.

నాలుగో దినం డిజైనరు పిల్ల వచ్చింది, జుమానా అంట.
ఫోటోలు తీసుకుంటా చెవి కాడ ఆగింది.
"చూడండి, ఆ కాలంలో చెవి చీల్చి
ఎవరి గాడిదో గుర్తు పెట్టుకునేవాళ్లు.
అసలైన కువైటు ఇది" అనింది మేనేజరుతో.
నేను కిరసనాయిల్ గుడ్డతో
గోళ్లు తుడుచుకుంటా ఉండా.

రంజాను అయినాక కొత్త గుర్తు వచ్చింది,
గేటు మీదికి, పన్నెండడుగుల ఎత్తు.
గాడిద వచ్చింది, చీలిన చెవితోనే.
డబ్బాలు వచ్చినాయి. చెట్టు కూడా.
మనిషి రాలేదు, బొమ్మ బరువెక్కుతాదంట.
తాడు తీసేది మాత్రం మరిచిపోయినారు.
గాడిద మెడ కాడ మొదలై ముందుకు సాగి
ఎవరి చేతిలోనూ లేకుండా
గాల్లో బిర్రుగా నిలబడింది.

నిచ్చెనెక్కి నేనే అంటించినా,
నడిమి నుంచి అంచులకు రుద్దుకుంటా.
తాడు కొసన ఒక గాలిబుడగ మిగిలింది,
పిడికిలంత.
సూదితో పొడిస్తే పోతాది.
సూది జేబులోనే ఉంది.
దిగినా.