త్వరలో

ఇరవై తొమ్మిదేళ్ళు నేను వాల్పరైసోలో
కొండ మీదికి పెట్టెబండిని లాగే చక్రం దగ్గర
బ్రేకు పట్టుకుని కూర్చున్నాను.
ఒక పెట్టె ఎక్కుతుంటే ఒకటి దిగేది.
మధ్యలో దొరికే రెండు నిమిషాల్లో
ఒక్కో వార్త చొప్పున చదివేవాణ్ణి.
అందుకేనేమో, నిదానంగా చదివే రోగం పట్టుకుంది.
నిదానంగా చదివేవాడికి
పత్రిక దొరికిపోతుంది.

గోరంతని కొండంత చేస్తారని
పత్రికల వాళ్ళని ఆడిపోసుకుంటుంది లోకం.
మా పత్రిక అలా కాదు,
కొండని గోరంత చేస్తుంది.
ఊరంతా కొండలే, మొదటి పేజీలో మాత్రం సముద్రం.
విహారనౌక వచ్చిందంటే నాలుగు కాలమ్‌లు:
ఎన్ని అంతస్తులో, ఎన్ని ఈతకొలనులో,
వంటగదిలో పొద్దున్నే ఎన్ని గుడ్లు పగలగొడతారో కూడా.
అదే రోజు మా మెట్లవీధిలో
నీళ్ళు రాక పదకొండో రోజు.
దానికి గుడ్డుపెంకంత చోటు లేదు.

మేం పత్రికకెక్కాలంటే తగలబడాలి.
అప్పుడొస్తారు, హెలికాప్టర్లో.
పైనుంచి మా ఇళ్ళు అగ్గిపెట్టెల్లా ఉన్నాయని రాశాడొకడు.
కాలిపోయిన ఇంటిని అగ్గిపెట్టెతో పోల్చినవాడికి
కలం ఎవరిచ్చారో గాని,
ఆ పూట బకెట్ ఇచ్చి ఉండాల్సింది.

ఎర్రపెన్సిలు పట్టుకుని చదువుతాను.
"వాళ్ళకి జీతమొస్తుంది, నీకేమొస్తుంది నోల్బెర్తో"
అని నవ్వేది ఎలియానా.
"అధికారులు తెలిపారు" కింద ఒక గీత.
ఏ అధికారి? వాళ్ళమ్మ పేరు పెట్టలేదా?
"స్థానికులు ఆగ్రహం వ్యక్తం చేశారు" కింద రెండు.
నేనే ఆ స్థానికుణ్ణి.
నేను వ్యక్తం చేసింది ఆగ్రహం కాదు.
పైపు ఎక్కడ పగిలిందో చెప్పాను,
చెయ్యి పట్టుకు తీసుకెళ్ళి చూపించాను.

ఇక మా పెట్టెబండి సంగతి.
తాడు అరిగిందని ఒక మార్చిలో ఆపేశారు.
"త్వరలో పునఃప్రారంభం" అని వేశారు. కత్తిరించి దాచాను.
మర్సటేడు అదే ఫొటో, అదే మాట.
మూడోసారి ఫొటోలో పెట్టె పక్కన నేనున్నాను,
జుట్టున్నప్పటి నేను.
ఇప్పుడు బిస్కెట్ల డబ్బాలో ఆరు "త్వరలో"లున్నాయి.
మేయర్లు మారారు, ఎడిటర్లు మారారు,
ఆ మాటకి మాత్రం ట్రాన్స్‌ఫర్ లేదు.
ఫోను చేసి, పోయినేడు మీరేం రాశారో మీరే చూసుకోండన్నాను.
"పాత సంచికలు అటక మీదున్నాయి సార్,
నిచ్చెన లేదు" అన్నాడు కుర్రాడు.
దేవుడి తోడు, అలాగే అన్నాడు.

ఒక్కతి వచ్చింది, అబద్ధమెందుకు.
యస్నా అనే పిల్ల, మోకాలికి కట్టుతో,
మెట్లెక్కి, లెక్కపెట్టి, రెండొందల పన్నెండు.
డోన్యా ఫ్రెసియా గ్యాస్ సిలిండర్‌ని
మెట్టు మెట్టుకీ దించుకుంటూ పైకి చేరుస్తుంటే
వెనకాలే నడిచింది, నలభై నిమిషాలు.
"ఎనభై ఒకటో మెట్టు దగ్గర
ఆమె ఆ సిలిండర్ మీదే కూర్చుంది" అని రాసింది. అంతే.
పెన్సిలు పక్కన పెట్టేశాను.
నెల తిరక్కుండా ఆ పిల్లని
రాశిఫలాల పేజీకి మార్చారని విన్నాను.
అప్పట్నుంచి మీనరాశికి
"మెట్ల దగ్గర జాగ్రత్త" అని వస్తోంది.

ఎలియానా పోయినప్పుడు ప్రకటన ఇచ్చాను.
ఎలిసా అని పడింది.
సవరణ వేయమన్నాను, వేశారు,
ముప్ఫై ఒకటో పేజీలో, పడవ ఇంజన్ల అమ్మకాల కింద:
"ఎలిసా అని ఉన్నచోట ఎలిసా అని చదువుకోగలరు."
ఉండి ఉంటే పడీ పడీ నవ్వేది.

మానెయ్యొచ్చుగా, అంతా ఫోన్లో ఉంటుందిగా
అంటాడు అల్లుడు.
ఏ దేశంలో ఏ యుద్ధమో ఉంటుంది,
మా వీధికి నీళ్ళ ట్యాంకరు ఎన్నింటికో ఉండదు.
పత్రికలోనూ ఉండదనుకో.
కానీ ఉండాల్సిన చోటు అదే కదా,
కోప్పడ్డానికైనా ఒక చిరునామా కావాలి.

ఇంకొకటి చెప్పకపోతే తప్పు.
మంటల ఫొటో వేసిన రోజు
నేనూ రెండు కాపీలు కొన్నాను.
ఒకటి చదవడానికి.
రెండోది ఎందుకో
ఇప్పటికీ తెలీదు.