యజమాని పేరు

ఫారంలో ఏడో గడి: ఆనకట్ట యజమాని పేరు.
ఖాళీగా వదలరాదని కింద చీమలబారు అక్షరాలు.

సాలూరు రోడ్డు దిగి మూడు మైళ్లు.
చీపుర్లగెడ్డ మీద
మా అమ్మకంటే వయసెక్కువున్న మట్టికట్ట.
ఇరిగేషన్ వాళ్లు, ఎప్పుడో పంచాయతీరాజ్‌కి అప్పజెప్పాం అన్నారు.
పంచాయతీరాజ్‌లో, కాగితం వచ్చింది గాని కట్ట రాలేదమ్మా అన్నారు.
నీటి సంఘం ప్రెసిడెంటు నవ్వాడు:
నీళ్లు మావి, తూము మాది,
కట్ట మాదని నీకెవరు చెప్పారు?

నేనెళ్లేసరికి లస్కరు లెంక తవుడు
కట్ట కింద గొంతుక్కూచుని
ఊటనీళ్లు సీసాలో పట్టి ఎండకెత్తి చూస్తున్నాడు.
బ్రాందీ సీసా. లేబులు గోకేసిన గీతలు.
"తేటగున్నాదంటే కట్టకి సెమట పట్టినట్టమ్మా.
మడ్డిగొచ్చిందా, లోన మన్ను కదిలిపోతన్నట్టు.
అప్పుడింక ఫారాల్లేవు, పరుగే."

ముప్పై ఒక్క ఏళ్లుగా రోజుకో సీసా.
రిజిస్టరేదంటే వేలితో కన్ను చూపించాడు.

షట్టర్లు మూడు. రెండోది తుప్పుకి కరుచుకుపోయింది.
గ్రీజు బొబ్బిలి నుంచి వస్తుంది,
లారీ మెకానిక్కు మేనల్లుడి దగ్గర డబ్బా అడుగున మిగిలింది.

అక్టోబరు వాయుగుండం రాత్రి
నీళ్లు రాతిమీది ఎర్రగీత దాటాయి.
తవుడు నలుగురికి ఫోన్ చేశాడు.
ఒకరిది స్విచాఫ్.
ఒకరు రాసి పంపమన్నారు.
ఒకరు అది మా పరిధి కాదుగా అన్నారు.
నాలుగోది నాది.
ఎత్తాను. ఎత్తి,
పైవాళ్లనడిగి చెబుతానన్నాను.

నేనడిగేలోపు
కింది పేటలో చాటింపు వేయించి
అతనూ కోడలు పోలమ్మా చక్రానికి చెరోవైపు వేలాడి
ఒకటోదీ మూడోదీ లేపేశారు.
అరచేతుల తోలు ఇనుముకే ఉండిపోయింది.
పదహారెకరాల వరి పడుకుంది.
కట్ట నిలబడింది.

పదో రోజుకి మెమో:
అనుమతి లేకుండా గేట్లు ఎత్తినందుకు సంజాయిషీ,
శ్రీ లెంక తవుడు, తండ్రి పేరు, ఊరు, ఇంటి నంబరుతో సహా.
అరవై ఏళ్ల ఫైలంతా తిరగేశాను.
ఆ కట్ట కాగితాల్లో
మనిషి పేరు పడ్డం అదే మొదలు.

మెమో మడిచి రొండిన దోపుకుంటూ అన్నాడు:
"నాకు ముందు ముగ్గురు పోనారంట.
నన్ను సేటలో ఎట్టి సేరు తవుడికి అమ్మీసినారు.
కొన్న ముసల్ది తిరిగి మాయమ్మకే ఇచ్చీసి పెంచమన్నాది.
మరి నానెవుల్నమ్మా?
పాలిచ్చినోల్దే గదా."

సంజాయిషీ నేనే రాసిపెట్టాను.
నలుగురికి ఫోన్ చేశాడని రాసి,
కొట్టేసి,
ముగ్గురికి అని దిద్దాను.

ఏడో గడి ఇంకా అలాగే ఉంది.
ఈ పొద్దు సీసా నన్ను పట్టమన్నాడు.
ఎండకెత్తి చాలాసేపు చూశాను.
తేటగానే ఉన్నట్టుంది.