నాణెం మాట్లాడినంతసేపూ

మా అత్తగారు యుక్-హింగ్ నాతో
నాలుగేళ్లలో ఆడిన మాటలన్నీ పోగేస్తే
ఒక ట్రాము టికెట్టు వెనక పట్టేస్తాయి.
ఆవిడే మొన్న చలికాలానికి ముందు
షామ్ షుయ్ పోలో లిఫ్టులేని మా ఆరంతస్తులూ ఎక్కి
వెదురు ఆవిరిబుట్ట, రెండు అరలూ ఒక మూతా,
గడప మీద దించి
"నానబెట్టు" అంది.
మంచినీళ్లయినా తాగకుండా దిగిపోయింది.

నానబెట్టాను, బట్టలు తడిపే బకెట్లో, గంటసేపు.
నీళ్లు పలచటి టీ రంగుకి తిరిగాయి.
ఆ తర్వాత ఉత్త బుట్టనే ఆవిరి మీద పెడితే
గదంతా పచ్చిగడ్డి వాసన,
వాన వెలిసిన కొండ వాసన.
మంచం మడిస్తే తప్ప బల్ల వేయలేని మా ఇంటికి
ఒక పూట కొండ చుట్టంచూపుగా వచ్చిపోయింది.

సియు-మన్‌కి ఆసుపత్రిలో రాత్రి డ్యూటీ.
అందుకని ఆదివారం బన్నులు నా వంతు.
పిండి పొంగింది, పంది మాంసం కుదిరింది,
అడుగున క్యాబేజీ ఆకులు పరవడం కూడా మరిచిపోలేదు.
ట్రాము బ్రేకులు విప్పి బిగించే చేతులు కదా,
మురికి అంటే సబ్బు, సబ్బంటే బ్రష్షు.
బుట్టని తళతళా తోమి పెట్టాను.

పై ఆదివారం బన్నుల్లో నిమ్మకాయ సబ్బు.

అత్తగారు ఒకటి తింది.
రెండోది సగం తింది.
ముఖంలో ఒక్క గీత కదల్లేదు.
చెప్పులు తొడుక్కుంటూ మాత్రం అంది:
"వెదురుకి నోరుంటుంది. ఏది పోస్తే అదే తాగుతుంది."

అప్పట్నుంచి ఉత్త వేడినీళ్లే.
అయినా తప్పుకి తమ్ముడు ఉంటాడు.
ఒక శనివారం గుర్రప్పందాల్లో పడి
కుండ అడుగంటడం చూసుకోలేదు.
కింది అర అంచున కాలిన నల్లగీత,
కాటుక పెట్టడం చేతకాని వాడు పెట్టినట్టు.
సిగ్గేసింది.
ప్లాస్టిక్ సంచిలో చుట్టి మంచం కిందికి తోసేశాను.

మార్చి వచ్చింది. గోడలు చెమర్చే మార్చి,
అగ్గిపుల్ల మెత్తబడే మార్చి.
చీపురు కోసం వంగి, సంచిని లాగింది ఆవిడ.
విప్పితే బుట్ట నిండా పచ్చటి నూగు.

తిట్టు పడుతుందని నిలబడ్డాను. పడలేదు.
వెనిగర్ అడిగింది. రాసింది. కడిగింది.
సలసల కాగే నీళ్ల మీద ఉడికించింది, బుట్టకే జ్వరం వచ్చినట్టు.
కిటికీ ఊచలకి, నా మేజోళ్ల పక్కన, గాలి తగిలేలా కట్టింది.
అరా అరా విడివిడిగా.
"ఊపిరాడనివ్వకపోతే ఎవరైనా బూజు పడతారు" అంది,
నాతోనో, బుట్టతోనో.

మరుసటి ఆదివారం పర్సులోంచి
అంచు వంకులు తిరిగిన ఇరవై సెంట్ల నాణెం తీసి
తోమి, కుండ నీళ్లలో వేసింది.
నీళ్లు మరగ్గానే నాణెం అడుగున
టకటకా టకటకా మొదలెట్టింది.

"అది మాట్లాడినంతసేపూ నీళ్లున్నట్టు.
ఊరుకుందంటే పరుగెత్తు."

నాలుగేళ్లలో అదే ఆవిడ పొడుగాటి మాట.
ఇద్దరం స్టూళ్ల మీద కూర్చుని వింటున్నాం.
టకటకా టకటకా.
ఊరుకుందంటే పరుగెత్తు.
ఇన్నేళ్లుగా ఊరుకునే ఉన్న మనిషి
మోకాలు రుద్దుకోవడం అప్పుడు చూశాను.

"మెట్లు కష్టంగా ఉన్నాయా అత్తా?"

"మూడో అంతస్తు దాకా పర్వాలేదు" అంది.
అక్కణ్నుంచి అందుకుంది చూడండి.
ఎడమ మోకాలు, అది పాడైన బొమ్మల ఫ్యాక్టరీ,
సూపర్‌వైజరు పెట్టుడు పళ్లు,
సియు-మన్ నాన్న బాకీపడి ఎగ్గొట్టిన కుట్టుమిషను,
పెళ్లినాడు నేను వేసుకున్న వదులు కోటు.
నవ్వితే ఆవిడకి కుడివైపు పన్ను లేదని
అప్పుడే తెలిసింది నాకు.

నాణెం ఎప్పుడు ఊరుకుందో
ఇద్దరిలో ఒక్కరం వినలేదు.

పరుగెత్తాం. మూత తీస్తే
మొదటి గీత పక్కనే రెండో గీత,
దానికంటే నల్లగా.

దాన్ని ఆవిడా రుద్దలేదు,
నేనూ దాచలేదు.