పది మార్కుల ప్రశ్న

మే నెల. హన్మకొండ. స్పాట్ వాల్యుయేషన్.
కూలర్‌లో నీళ్లయిపోయి గంటయింది,
వట్టివేళ్ల వాసన మాత్రం ఇంకా తిరుగుతోంది గదిలో.
ఏడో ప్రశ్న: పదిహేడో శతాబ్దపు ఇంగ్లండు
అంతర్యుద్ధానికి కారణాలు రాయుము.
కీ పేపర్ చెప్తుంది:
రాజకీయం నాలుగు, మతం మూడు, ఆర్థికం మూడు.
మూడు వందల యేళ్లుగా చరిత్రకారులు కొట్టుకుంటున్న తగువును
మా యూనివర్సిటీ ఒక్క లైనులో తెంపేసింది.

చాయ్ దగ్గర మాత్రం తెగలేదు.
"అంతా బైబిలే" అంటాడు ఎలీషా సారు.
"ఎవరి భాషల వాళ్లు చదువుకున్నరు.
మధ్యల అయ్యగారెందుకు అన్నరు.
ఆ మాట నోట్లెకొచ్చినంక
రాజెందుకు అనకుంట ఉంటరా?"
మిషన్ దవాఖాన వెనక గదిలో
వాళ్ల తాత వేలు పెట్టి కూడబలుక్కున్నది ఆ పుస్తకమే.
అంతకుముందు ఆ వేలు దొర కాగితం మీద ముద్ర.

ఐలోని సారు సమోసా తుంచుతూ నవ్వుతాడు.
"బైబిలు గాదే, కంచె.
గొర్రెబొచ్చు ధర పెరిగింది, ఊరి బీడుకు కంచె పడ్డది.
కంచె పడ్డకాడ దేవుడు గూడ ఏదో ఒక దిక్కు నిలబడాలె."
ఆయన మీద వెనకటి కేసొకటుంది, కొట్టేసిన కేసే.
అయినా గేటు దగ్గర జీపు ఆగితే
ఇప్పటికీ మాట మధ్యలో ఆపుతాడు.

నేను కాంట్రాక్టు లెక్చరర్ని. పేపరుకింత అని లెక్క.
పొద్దుటి నుంచి ముప్పై తొమ్మిదిసార్లు
రాజు తల తెగింది నా చేతుల్లో,
అన్నీ ఒకే గైడు నుంచి, ఒకే అచ్చుతప్పుతో,
1649కి బదులు 1694.
ఆ జనవరి చలికి వణికితే భయమనుకుంటారని
రాజు రెండు అంగీలు తొడుక్కున్నాడని
ఒక్కరూ రాయలేదు.
కీలో దానికి మార్కుల్లేవు.

నలభయ్యో పేపరు. పేరు లేదు, బార్‌కోడు ఉంది.
గాలికి ఒరిగిన జొన్నలా ఎడమకు వాలిన అక్షరాలు.
"రాజు పోయిన యేడే కొందరు పేదోళ్లు
గుట్టెక్కి తవ్విన్రు. భూమి అందరిదన్నరు.
చిక్కుడు పెట్టిన్రు, క్యారెట్ పెట్టిన్రు.
రాజు లేని రాజ్యంలనే వాళ్ల గుడిసెలు పీకిన్రు."
ఒక లైను ఖాళీ.
"మా ములుగు దిక్కు దీన్ని పోడు అంటరు.
మా అవ్వ పెట్టిన మక్కలల్ల
ఫారెస్టోళ్లు కందకం కొట్టిన్రు.
ఇక్కడ రాజు ఎవలో నాకు సమజ్ కాలేదు."

ఎర్ర పెన్ను గాల్లోనే ఆగింది.
రాజకీయమా, మతమా, ఆర్థికమా,
ఏ గడిలో వెయ్యను అవ్వ మక్కలను?

రాజు కొడుకు మళ్లీ గద్దెనెక్కినప్పుడు
జరిగిందంతా మరచిపోవాలని చట్టం చేశారు.
పూడ్చిన శవాలను తవ్వితీసి ఉరేసింది
ఆ మరుసటి యేడే.
మరచిపొమ్మన్న చేతిలోనే పార.

వెనక నుంచి ఇద్దరూ తొంగిచూశారు.
"గుట్ట పేరు రాయలే" అన్నాడు ఎలీషా సారు,
"అర మార్కు కట్."
ఐలోని సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.
"ఏ గుట్ట పేరు?" అన్నాడు.

తొమ్మిదిన్నర వేశాను.
హిస్టరీలో పదికి పది వేస్తే
చీఫ్ లేచి వస్తాడు.
కట్ట కింద పెట్టి, నలభై ఒకటోది విప్పాను.
1694.