రాలేదు

మా గుడి రిజిస్టరులో ఎనిమిది ఈస్టర్లుగా
ఒకే పేరు పక్కన ఒకే మాట రాశాను.
రాపెలాంగ్: రాలేదు.

రావడం ఎందుకు రాలేదు? వచ్చాడు.
మలోటి కొండల మీది గొర్రెల దొడ్డి నుంచి
రెండు పగళ్ళు గుర్రం మీద దిగి,
గుమ్మం బయట గమ్‌బూట్లు విడిచి,
మెడ దగ్గర దుప్పటి పిన్నీసు సర్దుకుని
ఇసుకరాతి గోడ పక్కన నిలబడ్డాడు,
బడిపిల్లల వరసలో ఆఖరివాడు,
యాభై నాలుగేళ్ళవాడు.

బాప్తిస్మానికి ముందు పన్నెండు ప్రశ్నలు.
అడిగేది నేను. బడిపంతుల్ని, సంఘపెద్దని.
మొదటిది చెప్పేవాడు. రెండోదీ చెప్పేవాడు.
మూడోది: కృప అంటే ఏమిటి?
పుస్తకంలో నాలుగు వరుసల జవాబు.
ఒకటిన్నర వరుస దాకా వచ్చి
బురదలో దిగబడ్డ గుర్రంలా ఆగిపోయేవాడు.
చదువు లేదు. ఎవరో చదివితే విని,
మంద వెంట తిరుగుతూ గాలికి అప్పజెప్పుకున్న మాటలు
నా ముందుకొచ్చేసరికి చెదిరిపోయేవి.
పిల్లలు కిసుక్కుమనేవారు.
కళ్ళజోడు పైకి తోసుకుని నేను రాసేవాణ్ణి.
"సరే పంతులుగారూ" అనేవాడు.
అంతే. బూట్లు తొడుక్కునేవాడు.

ఒకటి చెప్పాలి, సిగ్గుగానే:
నా పదకొండు గొర్రెలూ అతని మందలోనే ఉన్నాయి.
దేవుడి ఇంటికి ఇంకా తగడని రాసిన మనిషికి
నా ఆస్తి అప్పజెప్పి హాయిగా నిద్రపోయాను.

పోయిన సెప్టెంబరులో, ఈతల కాలంలో, మంచు పడింది.
కొండెక్కాను. గొర్రెల కోసమే, అతని కోసం కాదు.
రాతి గుడిసె. పిడకల పొగ.
అతను మోకాళ్ళ మీద ఉన్నాడు.
ప్రార్థన అనుకుని గుమ్మంలోనే ఆగాను.
కాదు. ఒక గొర్రె పిల్లని చేరనివ్వడం లేదు.
కవలల్లో రెండోది.
మొదటిదాన్ని నాకుతోంది, దీన్ని కుమ్ముతోంది.
అతను పిల్లని పొదుగు కింద పెడతాడు.
గొర్రె తంతుంది.
పిల్ల బోర్లా పడుతుంది, లేస్తుంది,
నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకి పోతుంటే
మళ్ళీ అక్కడికే.
పదమూడు సార్లు లెక్కపెట్టాను.
లెక్కపెట్టడం నా జబ్బు.

"దీనికి పౌరుషం లేదటయ్యా?" అన్నాను, నవ్వించాలని.
అతను నవ్వలేదు.
"తన్నేదీ అక్కడే, పాలూ అక్కడే.
పౌరుషం పట్టుకుని పక్కకి పోతే
తెల్లారేసరికి బిగుసుకుపోతుంది."

ఎప్పుడో నడిరేయి దాటాక
చీకట్లో చిన్న తోక టపటపమంది. తాగుతోంది.
గొర్రె మనసు మారిందో, ఉత్తినే అలిసిపోయిందో,
అతనూ చెప్పలేదు, నేనూ అడగలేదు.
అతనికున్నది ఒకటే దుప్పటి.
అది నా మీద ఉందని వెలుగొచ్చాక చూశాను.

ఈ ఈస్టరుకీ దిగాడు.
మొదటిది చెప్పాడు. రెండోదీ చెప్పాడు.
మూడోదాంట్లో ఒకటిన్నర వరుస దగ్గర ఆగాడు.
ఉన్ని వాసన, పాల వాసన,
పిల్లల కిసకిసలు, రేకు కప్పు మీద గాలి.
మిగిలిన రెండున్నర వరుసలూ
నాకు కంఠతా వచ్చు. ముప్పై ఏళ్ళుగా వచ్చు.
నోటిదాకా వచ్చాయి. ఎందుకో పైకి రాలేదు.
కలం తీసుకుని రాశాను.
రాపెలాంగ్: వచ్చాడు.

ఇదేం జవాబన్నారు తక్కిన పెద్దలు.
జవాబు కాదు, నిజమే.
గురువారం సంఘం కూర్చుంటుంది.
నా రాత కొట్టేసినా కొట్టేస్తారు.
ఆ సంగతే అతనికి చెప్పాను, నేల చూస్తూ.

"సరే పంతులుగారూ" అన్నాడు.
బూట్లు తొడుక్కుని, గుర్రం జీను బిగించి,
సగం ఎక్కినవాడు ఆగి అడిగాడు,
వచ్చే ఏడు ఈస్టరు
ఏ తారీఖున పడుతుందని.