లోపలి గాలి

పొద్దున వాడి తల నేనే కత్తిరించాను,
చూళైలో మా కొట్టు మూడో కుర్చీలో.
"చెవుల మీద తగ్గించొద్దు నాయనా,
రాత్రికి కచేరీ ఉంది" అన్నాడు.
కచేరీ అంటే మా ఇంట్లో
పెళ్లిపందిరి, డోలు, తెల్లారుజాము ముహూర్తం.
వీడిది ఆళ్వారుపేటలో బారట, రెండో అంతస్తట,
బ్లూసట.

మా అయ్య పెంచలయ్య ఊదితే
అప్పగింతల్లో పెళ్లికూతురి తల్లే కాదు,
వంటవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని ఏడ్చేవాళ్లు.
ఆఖరి బంతి లేచాక మాకు విస్తరి,
పందిట్లో కాదు, జనరేటరు పక్కన.
కుర్చీలో కూర్చుంటే ఎంతటివాడైనా మాకు తల వంచాల్సిందే.
కుర్చీ దిగాక
వంచడం మా వంతు.

నా ముందుపళ్లు రెండు పోయాయి, సన్నాయీ పోయింది.
అయ్య పీకలు నాలుగు
పౌడరు డబ్బాలో, పటికముక్క పక్కన
ఎండిపోయి ఉన్నాయి.

బారులో తలుపు దగ్గరే నిలబడ్డాను.
ఎవరూ నిలబడమనలేదు. కాళ్లకు అలవాటు.
ఎవరో కుర్రాడు నిమ్మసోడా తెచ్చిచ్చి "సార్" అన్నాడు,
వెనక్కి తిరిగి చూశాను, ఎవరినోనని.

మా మునిశేఖరు
అరచేతిలో పట్టే ఆ మౌతార్గాన్ పెట్టెను, మైకునూ కలిపి
రెండు చేతుల్లో దాచుకున్నాడు,
గాలికి బీడీ ముట్టించుకునేవాడిలా.
ముందు రైలింజనులా దగ్గాడు.
తర్వాత ఒక గాంధారం తీశాడు.
పైదీ కాదు, కిందదీ కాదు,
రెంటి నడుమ, మెట్టు లేనిచోట
కాలు పెట్టి నిలబడ్డాడు.

అది నాకు తెలుసు.
సూళ్లూరుపేటలో
ఒప్పుకున్న సొమ్ములో సగమే ఇచ్చిన రాత్రి,
తిరుగురైలు కోసం కూర్చుని
ప్లాట్‌ఫారం మీద మా అయ్య
ఎవరికోసమూ కాకుండా ఊదింది.
అప్పటికి వీడు పుట్టనే లేదు.

ఇంటికొస్తూ చింతాద్రిపేటలో
పట్టాల వంతెన కింద ఆటో ఆపించి అడిగాను,
ఎక్కడ పట్టావురా అని.
"నీ దగ్గరే.
గడ్డాలు గీస్తూ కూనిరాగం తీస్తావుగా,
మెడ దగ్గరికి రాగానే."

నేనా?
ముప్పయ్యేళ్లుగా నాకు నురగ చప్పుడే తెలుసు.

పెట్టె నా చేతిలో పెట్టాడు.
ఊదాను. పసిపిల్లల బొమ్మలా పలికింది.
"ఊదొద్దు నాయనా, పీల్చు.
ఈ పాటంతా గాలి లోపలికి వెళ్లేటప్పుడే."

మా వంశంలో పీల్చినవాడు లేడు.
ఉన్న ఊపిరంతా ఎవరెవరి పెళ్లిళ్లకో పోసేశాం.

పీల్చాను.
ముందు కూవం కంపు కొట్టింది.
తర్వాత ఇత్తడి రుచి, వాడి ఎంగిలి,
ఊడిన పళ్ల సందులోంచి సన్నటి కూత.
ఆటోవాడు మీటరు వంక చూసి, మమ్మల్ని చూసి
ఇంజను ఆపేశాడు.

"ఇప్పుడు వంచు" అన్నాడు వాడు.

తల వంచాను.

"తల కాదు నాయనా," నవ్వాడు,
"స్వరం."